మా మతిమరుపు గురించి మా భాషలోనే అడగండి

మేము అమీర్‌పేట, పంజాగుట్టల్లో అరవై దాటినవాళ్లం. బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవాళ్లం, కోచింగ్ పిల్లలకు హాస్టల్ నడిపేవాళ్లం, ఉద్యోగాలు చేసి విరమించినవాళ్లం. సంతకం రానివాళ్లూ మాలో ఉన్నారు. ఈ ప్రకటనను వాళ్లకు చదివి వినిపించి, ఒప్పుకున్నాకే బయటపెడుతున్నాం.

మా ఇళ్లకు కూతవేటు దూరంలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే రెండో భాష కూడా వచ్చినవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. టొరంటోలో ఇలాంటి ఫలితం అంతకుముందే వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. మేలు భాషదా, వలసదా అన్న అనుమానం ఉండిపోయింది. ఇక్కడ అక్షరం రాని తల్లి ఇంట్లో తెలుగు, కూరగాయల బండి దగ్గర దక్కనీ మాట్లాడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మా వీధి మాటే పనికొచ్చింది.

అయినా అది క్లినిక్ దాకా రాగలిగినవాళ్ల లెక్క. లిఫ్టు లేని మూడో అంతస్తులో మంచం పట్టినవాళ్లు అందులో లేరు. డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం వర్ధమాన దేశాల్లో ఉంటే, జనం మధ్య జరిగే పరిశోధనలో పది శాతమైనా అక్కడ జరగడం లేదని చెప్పడానికే ఒక పరిశోధక బృందం 10/66 అని పేరు పెట్టుకుంది. 2017-18లో దేశమంతటా 45 ఏళ్లు దాటినవాళ్లను, వాళ్ల జీవిత భాగస్వాములను కలిపి 72 వేలమందికి పైగా మనుషులను ఇళ్లకెళ్లి పలకరించిన లాసీ అనే వృద్ధాప్య సర్వే మంచి మొదలు. ఆ పలకరింపు ఆగకూడదు.

మాలో ఒకామెను ఒకచోట వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నారు. బడి ముఖం చూడని మనిషి, చెప్పలేకపోయింది. మతి తగ్గిందని కాగితం మీద రాశారు. నెలనెలా చీటీపాట లెక్క నోటితో చెప్పేది ఆమే. బడి చదువును కొలిచి మతిని కొలిచామనే పరీక్షలను మేము ఒప్పుకోం. ప్రశ్నలు రాసేటప్పుడే మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. పరీక్షకు మా రక్తం తీసుకున్నవాళ్లు ఫలితాన్ని తెలుగులో, ఉర్దూలో మాకే వచ్చి చెప్పాలి. మమ్మల్ని చూసుకునే కోడళ్ల, కూతుళ్ల నిద్ర ఎంత పోతోందో కూడా రాసుకోవాలి.

మా వంతు మేము చేస్తాం. తలుపు తీస్తాం, దాచకుండా చెబుతాం. రెండేళ్లకు మళ్లీ వస్తే అవే ఇళ్లల్లో ఉంటాం. ఎవరైనా లేకపోతే, ఎప్పుడు పోయారో, ఏమై పోయారో ఇంట్లోవాళ్లు చెబుతారు. అదీ రాసుకోండి.