దీపమా? వలయమా?

మిరపబస్తాల ట్రాక్టరూ బడిపిల్లల సైకిలూ ఒకేచోట మలుపు తిరిగే మా పల్నాటి అచ్చంపేట వంటి ఊళ్ళలో, కూడలికి సిగ్నల్ దీపాలు మేలా, గుండ్రని వలయం మేలా? నా మట్టుకు వలయమే మేలు.

కరెంటు పోతే దీపం ఆరిపోతుంది. పోలీసు లేకుంటే దానిని ఖాతరు చేసేవారుండరు. వలయం వద్ద ఎంతటివాడైనా వేగం తగ్గించి వంపు తిరుగక తప్పదు. అందువలన ఎదురెదురుగా, అడ్డంగా ఢీకొనడం తగ్గి ప్రాణాలు నిలుస్తాయి.

అయితే నడిమధ్య సిమెంటు దిమ్మె కట్టినంత మాత్రాన చాలదు. లోపల తిరుగుతున్న వాహనానికే ముందు దారి ఇవ్వాలి. బ్రిటన్‌లో 1966లో ఈ నియమం వచ్చిన పిమ్మటనే వలయాలు సాఫీగా నడిచాయి. మన దేశపు 2017 నాటి వాహనచోదన నిబంధనలలోనూ ఇది ఉన్నది. పాటించేవారేరీ? మనవారి దృష్టిలో సర్కిల్ అంటే విగ్రహానికి పీఠం! రహదారులపై విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది.

16, 65 జాతీయ రహదారులు కలిసే విజయవాడ బెంజిసర్కిల్ వద్ద 2020లో పైవంతెన తెరువవలసి వచ్చిన మాట నిజమే. అంతటి రద్దీకి వలయం చాలదు. చిన్న ఊళ్ళకు ఆ చిక్కు లేదు. దారి ఇచ్చే నియమాన్ని బడిలోనే నేర్పి, ఆ పిదప వలయం కడదాం.

మిత్రులారా, మీరేమంటారు?