పోయింది సంచి ఒక్కటేనా?

అడ్మిషన్ల రోజులొచ్చాయంటే తార్నాక చౌరస్తాలో కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, అందులో దుప్పటి, పచ్చడి సీసా. పక్కన నాన్నో, అన్నో. ఆసిఫాబాద్ నుంచి, అచ్చంపేట నుంచి ఉస్మానియాలో చదువుకోవడానికొచ్చిన ఆడపిల్లలు వీళ్లు. ఏ బస్సు లాలాగూడ వైపు పోతుందో, ఏది హబ్సిగూడ వైపు పోతుందో ఇంకా తెలియదు. సరిగ్గా ఆ మొదటి పది పదిహేను రోజుల్లోనే వస్తువులు పోతాయి.

మా బంధువులమ్మాయి ఒకతె రెండేళ్ల క్రితం ఇలాగే వచ్చింది. మెట్టుగూడలో ఆటో ఎక్కి లాలాగూడలో హాస్టల్ దగ్గర దిగింది. సూట్‌కేసు దించుకుంది, బకెట్టు దించుకుంది. సీటు వెనకాల పెట్టిన ఫైలు మర్చిపోయింది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, టీసీ, కులం సర్టిఫికెట్... అన్నీ అందులోనే. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో మనకు తెలియదా? 'సిటీ వద్దు, దగ్గర్లో చదువుకో అన్నానా లేదా?' అన్న మాట వస్తుంది. మగపిల్లాడు పర్సు పోగొట్టుకుంటే మతిమరుపు అంటాం. ఆడపిల్ల పోగొట్టుకుంటే ఊరు వదిలి ఉండే తెలివి లేదంటాం. మహా అయితే వాడికి తిట్లు పడతాయి, ఈమెకు చదువే ఆగిపోవచ్చు. అందుకే దాస్తారు. దాచిన కొద్దీ దొరికే అవకాశం తగ్గిపోతుంది. మొదటి రోజు ఆటో స్టాండులో అడిగితే ఆ బండి ఎవరిదో చెప్పేవాళ్లుంటారు. నాలుగో రోజు ఎవరికి గుర్తుంటుంది?

పోలీసుల దగ్గరకు వెళ్లాలన్నా ఇక్కడో తిరకాసు ఉంది. ఆటో ఎక్కింది ఒకచోట, దిగింది ఇంకోచోట, ఫైలు లేదని చూసుకున్నది క్యాంపస్‌లో. మూడు చోట్లా మూడు స్టేషన్ల హద్దులైతే ఏమవుతుంది? ఆమె వెళ్లిన చోట 'మా పరిధి కాదమ్మా' అనేశారు. కొత్తగా వచ్చిన పిల్లకు పరిధి అంటే ఏం తెలుస్తుంది! ఒక సంగతి మాత్రం ప్రతి అమ్మాయీ తెలుసుకోవాలి. ఎవరైనా లాక్కుపోతేనో, దొంగిలిస్తేనో అది నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం అలాంటి నేరం ఏ హద్దులో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. మనమే మర్చిపోతే అది వేరే దారి, పోయిన వస్తువుల ఫిర్యాదు ఇవ్వాలి. దొంగతనం జరిగితే మాత్రం 'పోయింది అని రాసివ్వు, పని సులువవుతుంది' అన్న సలహాకు లొంగకండి. జరిగింది జరిగినట్టే రాయండి. కాగితం మీద తేదీ, ముద్ర వేయించుకుని ఒక ప్రతి దగ్గరుంచుకోండి. రేపు డూప్లికేటు మెమో కావాలన్నా, వెతికినా దొరకలేదని పోలీసులిచ్చే పత్రం కావాలన్నా ఆ కాగితమే ఆధారం.

ఫోను పోతే సంగతి మరీ విచిత్రం. ఆధార్ కాపీ కావాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి. ఫోను నంబరు తిరిగి కావాలంటే ఆధార్ చూపించాలి. రెండూ ఒకే సంచిలో పోతే? పన్నెండంకెల ఆధార్ నంబరు కంఠతా వచ్చిన అమ్మాయి వేలిముద్ర వేసి సిమ్ తెచ్చుకోగలదు. కొత్త సిమ్ వచ్చాక కూడా ఒక రోజంతా మెసేజీలు రావు, కంగారు పడొద్దు. పోయిన ఫోన్లను ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేయకుండా చేసే సీఈఐఆర్ అనే ఏర్పాటు 2023 మే నుంచి దేశమంతటా ఉంది. దానికి ఫిర్యాదు కాపీతో పాటు ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. స్టార్, హ్యాష్, సున్నా ఆరు, హ్యాష్ నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది. ఇవాళే నొక్కి, అమ్మ పుస్తకంలోనో నాన్న డైరీలోనో రాయించండి. ఫోను నంబరు ఫోనులోనే దాచుకోవడం తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేయడమే కదా!

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక మరో మార్పు వచ్చింది. గుర్తింపు కార్డు ఒరిజినలే చూపాలని ఆర్టీసీ చెప్పడంతో ఇంట్లో బీరువాలో ఉండే ఆధార్ కార్డు రోజూ హ్యాండ్‌బ్యాగులో తిరగడం మొదలైంది. మంచి పథకమే, కాదనం. కానీ ఆ కార్డుతో పాటు ఏటీఎం కార్డు, పిన్ నంబరు రాసిన చీటీ కూడా ఒకే పర్సులో పెట్టేవాళ్లున్నారు. ఆ చీటీ చింపేయండి తల్లీ! కండక్టరిచ్చే జీరో టికెట్టును మాత్రం దిగగానే పారేయకండి. ఏ బస్సు ఎక్కారో, ఏ డిపోలో అడగాలో ఆరా తీయడానికి అదే పనికొస్తుంది.

మన పిల్లల పాట్లే ఇలా ఉంటే, దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్ల సంగతేమిటి? 1918లో మొదలైన ఉస్మానియాకూ, దాన్ని ఆనుకునే ఉన్న ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికీ ఆఫ్రికా నుంచీ, అరబ్బు దేశాల నుంచీ విద్యార్థినులు వస్తున్నారు. వాళ్లకు పాస్‌పోర్టు పోవడమంటే కాళ్ల కింద నేల పోవడమే. ముందు పోలీసు ఫిర్యాదు, తర్వాత రాయబార కార్యాలయం, అది చాలామందికి ఢిల్లీలోనే! కొత్త పాస్‌పోర్టు వచ్చాక వీసాను దానిమీదికి మార్పించుకోవడానికి విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం. తెలుగు రాదు, హిందీ అంతంత మాత్రం. అలాంటి అమ్మాయి మన వీధిలో అద్దెకుంటే స్టేషన్‌కు తోడు వెళ్లడం మనకు ఒక పూట పని. ఆమెకది ఎంత ధైర్యమో!

దొరికినవాళ్ల మాటా చెప్పుకోవాలి. 'దొరికితే నాదే' అనుకుంటారు చాలామంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దొరికిన వస్తువును అప్పగించిన సొత్తులా కాపాడాలంటోంది. బస్సులోదైతే కండక్టరుకు, మెట్రోలోదైతే స్టేషన్ సిబ్బందికి, రైల్లోదైతే రైల్వే పోలీసులకు ఇవ్వాలి. రైల్లో మనదే పోతే 139కి ఫోను చేయాలి. ఇన్ని చోట్లున్నాయి గానీ, వేలమంది తిరిగే ఏ క్యాంపస్‌లోనైనా గేటు దగ్గర 'దొరికిన వస్తువులు ఇక్కడ ఇవ్వండి' అని ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఒక మనిషి ఎందుకు ఉండకూడదు? దీనికి కోట్లు అక్కర్లేదు. అడ్మిషన్ల రెండు నెలలైనా పెట్టండని అధికారులను అడుగుతున్నాం. హాస్టళ్లు నడిపేవాళ్లు కూడా చేరిన రోజునే అడ్వాన్సు లెక్కతో పాటు దగ్గరి పోలీసు స్టేషన్, ఆటో స్టాండు ఎక్కడో చెబితే ఏం పోయింది?

మా అమ్మాయి ఫైలు సంగతి చెప్పలేదు కదూ! ఐదో రోజున ఆ ఆటో ఆయన సీటు కవరు మార్పించుకుంటుంటే దొరికిందట. హాస్టల్ పేరు ఆయనకు గుర్తులేదు. మెమో మీద ఊరు, స్కూలు పేరు చూశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఆ స్కూలుకు ఫోను చేయించాడు. హెడ్మాస్టరు గారు సైకిల్ మీద పిల్లాణ్ని పంపి వాళ్ల నాన్నకు కబురు చెప్పారు. అంటే, ఆమె దాచిన సంగతి నాన్నకు ముందే తెలిసిపోయింది!

ఆయన ఫోను చేస్తే ఈ పిల్ల వణికిపోతూ ఎత్తింది. "ఫైలు దొరికింది బిడ్డా, సాయంత్రం మెట్టుగూడ స్టాండుకు పోయి తెచ్చుకో. ఆయన పిల్లలకు పండ్లు కొనియ్యి, పైసలు నేను పంపుత. నాలుగు దినాల సంది మంచిగ తిన్నవా లేదా?" అన్నాడట.