చేయి తిరగని వాళ్ల ఆట

క్రిస్మస్ మర్నాడు కెనడాలో చలికి గడప దాటబుద్ధి కాదు. దాటాల్సిన పనీ పెద్దగా ఉండదు. ముందురోజు మిగిలిన వంటలు వేడి చేసుకుని ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. డిసెంబరు 26న మొదలై జనవరి 5 ప్రాంతంలో ముగిసే ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీలు అక్కడి సెలవుల్లో కలిసిపోయాయి. ఆడేది 20 ఏళ్ల లోపు కుర్రాళ్లు. 1977 నుంచి అధికారికంగా జరుగుతున్నా, ఇది ఇంటింటి వేడుకైంది మాత్రం 1990ల్లో టీఎస్‌ఎన్ చానల్ ప్రసారాలు చేపట్టాకే. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అదే వారంలో, క్రిస్మస్‌కి రెండు మూడు రోజులు ఆగి, ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మళ్లీ మొదలవుతుంది. ప్రపంచంలో అంతకంటే గొప్ప ఐస్ హాకీ ఇంకెక్కడా లేదు. మెక్‌డేవిడ్, క్రాస్బీ లాంటి మేటి ఆటగాళ్లు ఏదో ఒక ఊళ్లో ఆడుతూనే ఉంటారు. అయినా జనం ఆ పది రోజులూ పిల్లల ఆటకే అతుక్కుపోతారు.

దేశభక్తి అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. నాకు మాత్రం అసలు సంగతి ఆటలోనే ఉందనిపిస్తుంది.

ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు. ఒక్కో జట్టుకీ సీజన్‌లో 82 మ్యాచ్‌లు అన్నది ఏళ్లుగా ఉంటూ వచ్చిన లెక్క. అన్ని మ్యాచ్‌లు ఆడేవాడికి తప్పు చేయకపోవడమే ఉద్యోగం. ఒక్కో ఆటగాడు ఐస్ మీద ముప్పావు నిమిషం ఉండి, ఊపిరి అందని వేళకి బెంచీకి వచ్చేస్తాడు, ఇంకొకడు దూకుతాడు. ఎదురుగా దారి కనిపించకపోతే ప్రత్యర్థిని దాటే సాహసం చేయడు. పక్‌ని (హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) అవతలి మూలకి విసిరి, వెంట పరిగెడతాడు. తన గోలు దగ్గర ఒత్తిడి పెరిగితే గాజు గోడకేసి కొట్టి బయట పారేస్తాడు. ఎదుటివాడు షాట్ కొడుతుంటే అడ్డంగా పడుకుని ఒంటితో ఆపుతాడు. ఐస్ మీద గడిపే ఆ ప్రతి షిఫ్టునీ వీడియోలో కోసి చూపించే కోచ్‌లు ఉంటారు, అందుకే జనవరిలో చేసిన పొరపాటు ఫిబ్రవరికల్లా మాయమవుతుంది. ఇదంతా గొప్ప పనితనమే. కానీ చూసేవాడికి కొన్ని రాత్రులు, చక్కగా నడుస్తున్న కార్ఖానా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

జూనియర్లలో ఆ కార్ఖానా ఇంకా కట్టలేదు. కెనడా తన జట్టును డిసెంబరు మధ్యలో శిబిరం పెట్టి ఖరారు చేస్తుంది, రెండు వారాలు తిరక్కుండానే పోటీలు మొదలవుతాయి. ఆ కాస్త వ్యవధిలో కోచ్ ఎన్ని పాఠాలని నూరిపోస్తాడు? దానికితోడు వచ్చిన ప్రతివాడూ తన ఊరి జట్టులో మొనగాడే. పక్ పారేయడమన్నది వాడి జన్మలో అలవాటు లేని పని. 18 ఏళ్ల డిఫెన్స్‌మన్ తన గోలు వైపు భాగానికి హద్దైన నీలి గీత దగ్గర నిలబడి, తన వెనక గోలీ (గోల్‌కీపర్) తప్ప ఇంకెవరూ లేరని తెలిసీ, ఎదురొచ్చిన వాణ్ని స్టిక్‌తో బోల్తా కొట్టించబోతాడు. పదిసార్లలో ఏడుసార్లు దాటేస్తాడనుకుందాం. మిగతా మూడుసార్లూ పక్ ఎదుటివాడి స్టిక్ మీదుంటుంది, వాడు ఒంటరిగా గోలు వైపు దూసుకుపోతుంటాడు, మనవాడు వెనక్కి తిరిగి వేగం అందుకునేలోపే అంతా అయిపోతుంది. గోలీలూ పిల్లలే. ఎన్‌హెచ్‌ఎల్‌లో గోలీ నిలదొక్కుకునేది సాధారణంగా పాతిక దగ్గరపడ్డాక. ఇక్కడ అదే పని 19 ఏళ్లవాడి నెత్తిన పడుతుంది.

ఈ పచ్చిదనం ఎంత దూరం పోగలదో చూడాలంటే 2011 జనవరి 5న బఫెలోలో జరిగిన ఫైనల్ చూడాలి. ఊరు అమెరికాదే అయినా సరిహద్దు పక్కనే ఉండటంతో స్టేడియం నిండా కెనడా జెర్సీలే. మూడు పీరియడ్ల ఆటలో మొదటి రెండు ముగిసేసరికి కెనడా 3, రష్యా 0. మధ్యలోనే రష్యా కోచ్ వలేరీ బ్రాగిన్ గోలీని మార్చి ఇగోర్ బాబ్‌కోవ్‌ని దించాడు. క్వార్టర్ ఫైనల్లోనూ సెమీస్‌లోనూ వెనకబడి లేచొచ్చిన జట్టే అయినా, మూడు గోల్స్ అంటే మాటలు కాదు. 20 నిమిషాలు జాగ్రత్తగా నడిపితే బంగారు పతకం మెడలో పడుతుంది. అనుభవం ఉన్న జట్టు ఆ 20 నిమిషాలూ ఆటని చంపేస్తుంది.

కెనడా పిల్లలకి ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. మూడో పీరియడ్ మూడు నిమిషాలు నిండకముందే అర్తెమీ పనారిన్ ఒక గోల్ కొట్టాడు. 13 సెకన్ల తర్వాత మాక్సిమ్ కిత్సిన్ ఇంకొకటి. ఆ 13 సెకన్లలో ఆట మారిపోయింది. తర్వాత ఐదు నిమిషాలు కెనడా కుర్రాళ్లు ఎవరికి వారు తామే ఈ మ్యాచ్‌ని నిలబెట్టాలన్నట్టు ఆడారు, దాంతో చోట్లు ఖాళీ అయ్యాయి. కెప్టెన్ తారసెంకో స్కోరు సమం చేశాడు. ఇంకా నాలుగున్నర నిమిషాలుండగా మళ్లీ పనారిన్. చివర్లో ఐదోది. 5-3. రష్యా కుర్రాళ్ల సంబరం ఎంత దూరం వెళ్లిందంటే, మర్నాడు ఎక్కిన విమానంలోంచి అల్లరి పడలేక దింపేశారు. 19 ఏళ్లవాళ్లు మరి.

ఆ రోజు ఐదు గోల్స్ ఇచ్చిన కెనడా గోలీకి 18 ఏళ్లు. అతని పేరు ఇక్కడ రాయక్కర్లేదు, కెనడాలో ఇప్పటికే చాలాసార్లు రాశారు. తర్వాతి ఏడాది కాల్గరీలో అతను మళ్లీ జట్టులోకి వచ్చాడు, కాంస్యం కోసం ఫిన్లాండ్‌తో జరిగిన మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం అతను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. అవతల రెండు గోల్స్ కొట్టి ఫైనల్‌ని తిప్పేసిన పనారిన్‌ని కొత్త కుర్రాళ్లని పంచుకునే డ్రాఫ్టులో ఏ ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బూ ఎంచుకోలేదు. 2015లో షికాగో అతన్ని నేరుగా తీసుకుంది. మొదటి సీజన్‌లోనే ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. జూనియర్ పోటీలని భవిష్యత్తు జాతకంలా చదివేవాళ్లు ఈ ఇద్దరినీ ఎక్కడ ఇముడుస్తారో తెలీదు.

పోటీల పద్ధతి కూడా పిల్లలకి ఊపిరాడనివ్వదు. పది జట్లు, రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో నాలుగేసి ముందుకి. అక్కడినుంచి ఒక్క ఓటమితో బంగారు ఆశ గల్లంతే. ఎన్‌హెచ్‌ఎల్ స్టాన్లీ కప్ పూర్తిగా వేరు. నాలుగు రౌండ్లు, ప్రతి రౌండ్లోనూ ఏడు మ్యాచ్‌లలో నాలుగు గెలవాలి, మొత్తం 16 విజయాలు. 2024 ఫైనల్లో ఫ్లోరిడా మొదటి మూడూ గెలిచింది, ఎడ్మంటన్ తర్వాతి మూడూ గెలిచింది, ఏడోదాంట్లో 2-1తో ఫ్లోరిడా బయటపడింది. రెండు వారాలకి పైగా నెమ్మదిగా మరిగిన కథ అది. అలాంటిది పది రోజుల పోటీల్లో దొరకదు. అక్కడ దొరికేది లాత్వియా. మొత్తం జనాభా 20 లక్షలు దాటని దేశం. 2024 డిసెంబరు 27న అటావాలో, కెనడా సొంత ప్రేక్షకుల ముందు, గోలీ లీనార్డ్స్ ఫెల్డ్‌బెర్గ్స్ 55 షాట్లు ఆపాడు. షూటౌట్లో ఎనిమిది మంది వస్తే ఎనిమిది మందినీ ఆపాడు. లాత్వియా గెలిచింది. ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయ్యుంటే కెనడా మిగతావి గెలిచి ఊపిరి పీల్చుకునేది, మనం ఫెల్డ్‌బెర్గ్స్ పేరు విని ఉండేవాళ్లం కాదు. ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్లో కెనడా చెక్ జట్టు చేతిలో చివరి నిమిషం గోలుతో ఓడింది. అంతకుముందు ఏడాది కూడా అదే చెక్, అదే క్వార్టర్ ఫైనల్, 11 సెకన్లు మిగిలుండగా.

అయితే ఒక అనుమానం పీకుతూనే ఉంటుంది. నేను ఇష్టపడేది కుర్రతనాన్నా, లేక దేశం జెర్సీ వేసుకుని ఆడే పొట్టి పోటీనా? 2025 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్ వాళ్లే నాలుగు దేశాల పోటీ పెట్టినప్పుడు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా ఎదురైంది. మాంట్రియల్లో కెనడా, అమెరికా తలపడితే మొదటి తొమ్మిది సెకన్లలోనే మూడు కొట్లాటలు. ఏడాదంతా లెక్క ప్రకారం ఆడే పెద్దవాళ్లే జెర్సీ మారేసరికి రక్తం మరిగిపోయి దిగారు. ఫైనల్ ఓవర్‌టైమ్‌లో మెక్‌డేవిడ్ కొట్టిన గోలుతో కెనడా 3-2తో గెలిచింది. కాబట్టి ఉద్వేగం పిల్లల సొంత ఆస్తేం కాదు. కానీ ఆ ఫైనల్‌ని జాగ్రత్తగా చూస్తే, ఉద్వేగం ఎంతున్నా తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. జూనియర్లలో ఉద్వేగమూ తప్పూ జమిలిగా వస్తాయి. తేడా అక్కడే ఉందని నా లెక్క.

జూనియర్ పోటీల లోపాలు దాచేవి కావు. ఆ వయసులో అందరికంటే గొప్పవాడు చాలాసార్లు అక్కడ ఉండడు. మెక్లిన్ సెలెబ్రినీ 17 ఏళ్లకి 2024 పోటీల్లో ఆడాడు, ఏడాది తిరిగేసరికి సాన్ హోసే ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో జీతగాడు. ఒకసారి ఎన్‌హెచ్‌ఎల్ తలుపు పూర్తిగా మూసుకుంది. 2004-05లో యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. అప్పుడు కెనడా జూనియర్ జట్టులో ఎన్‌హెచ్‌ఎల్‌లో పెద్ద పేర్లైన క్రాస్బీ, బెర్జెరాన్, గెట్స్‌లాఫ్, పెర్రీ, వెబర్ అందరూ కలిసి ఆడారు. ఫైనల్లో ఓవెచ్కిన్ ఉన్న రష్యాని 6-1తో ఊడ్చేశారు. నిజం చెప్పాలంటే ఆ పోటీలు అంత రక్తి కట్టలేదు. ఆ జట్టుకి తప్పులు తక్కువ. ఇక బలాబలాల తేడా మరీ ఎక్కువైతే ఆటే మిగలదు: 1993లో స్వీడన్ జపాన్ మీద 20-1తో గెలిచింది, పీటర్ ఫోర్స్‌బెర్గ్ ఆ పోటీల్లో 31 పాయింట్లు పోగేశాడు. కొట్లాటల నిబంధన కూడా వేరు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఐదు నిమిషాలు శిక్ష పెట్టెలో కూర్చుని మళ్లీ ఆడొచ్చు, అంతర్జాతీయ పోటీల్లో మ్యాచ్ నుంచే పంపేస్తారు. అయినా 1987లో పియెష్టానీలో కెనడా, సోవియట్ కుర్రాళ్లు ఒకరిమీద ఒకరు పడి కొట్టుకుంటుంటే ఆపలేక నిర్వాహకులు స్టేడియంలో దీపాలు ఆర్పేశారు. రెండు జట్లనీ పోటీల నుంచే తీసేశారు.

పిల్లల తప్పుల్ని ఆనందించడానికీ, ఆ తప్పులకి పిల్లల్ని శిక్షించడానికీ మధ్య గీత చాలా సన్నగా ఉంటుంది. కెనడా ఆ గీత దాటింది. 2019 క్వార్టర్ ఫైనల్లో, ఫిన్లాండ్ మీద ఓవర్‌టైమ్‌లో, 19 ఏళ్ల కెనడా కెప్టెన్ పెనాల్టీ షాట్ తీసుకుని గోల్ చేయలేకపోయాడు. జట్టు ఓడింది. ఆ రాత్రి అతని సామాజిక మాధ్యమ ఖాతాల మీద పెద్దవాళ్లు కుమ్మరించిన బూతులు ఇన్నీ అన్నీ కావు. 2022లో ఇంకో సంగతి బయటపడింది. 2018 జూనియర్ జట్టు ఆటగాళ్ల మీద వచ్చిన లైంగిక దాడి ఆరోపణను హాకీ కెనడా డబ్బుతో సర్దుబాటు చేసుకుంది. ఊళ్లలో పిల్లలు కట్టే నమోదు రుసుముల్లోంచి కొంత అలాంటి ఖర్చులకి నిధిగా ఉంచారని తెలిసి తల్లిదండ్రులు నివ్వెరపోయారు. స్పాన్సర్లు తప్పుకున్నారు, ప్రభుత్వం నిధులు ఆపింది. విచారణకి వెళ్లిన ఐదుగురినీ 2025లో కోర్టు నిర్దోషులుగా తేల్చింది. అయినా కుర్రాళ్లని దేవుళ్లని చేసే వ్యవస్థ చుట్టూ ఎంత డబ్బు, ఎంత మౌనం పేరుకుంటుందో అప్పుడే దేశానికి తెలిసింది.

మన సంగతికొస్తే, మనకీ జూనియర్ ప్రపంచకప్ ఉంది, అండర్-19 క్రికెట్. చూసేది మాత్రం ఫైనలే, అదీ ఐపీఎల్ వేలంలో ఎవరెంత పలుకుతారో అంచనా వేసుకోవడానికి. 2022లో అయితే ఫైనల్ అయిన వారానికే వేలం. ఆ కప్‌లో వైస్ కెప్టెన్ మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50. ఐపీఎల్లో అతను చెన్నై తరఫున మొదటి మ్యాచ్ ఆడేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. ఆ మధ్యకాలంలో మనవాళ్లలో ఎంతమంది అతని ఆట చూశారు? కుర్రాళ్లకి ఒకటికి మించి అండర్-19 ప్రపంచకప్‌లు ఆడనివ్వకూడదని బీసీసీఐ 2016లో నిర్ణయించింది. ఎక్కువమందికి అవకాశం రావాలన్న ఉద్దేశం మంచిదే. కానీ బఫెలోలో ఐదు గోల్స్ ఇచ్చినవాడు మరుసటి ఏడాది తిరిగొచ్చి తలుపులు మూసేసినట్టు ఆడే వీలు ఈ నిబంధన కింద ఉండదు. అమ్మాయిల విషయంలో ఏం జరిగిందో చూడండి. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2023లో అండర్-19 ప్రపంచకప్ ఆడింది, 2025లో మళ్లీ ఆడింది. రెండోసారి స్కాట్లండ్ మీద ఆ పోటీల చరిత్రలోనే మొదటి సెంచరీ కొట్టి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది.

ఇక ఉత్తర అమెరికాలోని మనవాళ్ల మాట. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు డాలస్ స్టార్స్ కేంద్రం ఫ్రిస్కోలో ఉంది, ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎంతమందున్నారో చెప్పక్కర్లేదు. టొరంటో చుట్టుపక్కల సంగతీ అంతే. అక్కడి పిల్లలు హాకీ గురించి మాట్లాడుతుంటే అర్థం కాక ఊరుకునే అమ్మానాన్నలకీ, తాతయ్యలకీ నాదొక సలహా. ఎన్‌హెచ్‌ఎల్‌తో మొదలుపెట్టొద్దు, అంత వేగంలో పక్ ఎక్కడుందో కూడా దొరకదు. జూనియర్ ఫైనల్‌తోనూ వద్దు. సాధారణంగా జనవరి 2న క్వార్టర్ ఫైనల్స్ నాలుగూ ఒకే రోజు పెడతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎనిమిది జట్లు దిగుతాయి, నాలుగు ఇంటికెళ్తాయి. పక్‌ని వెతకడం మానేసి, నీలి గీత మీద చివరగా నిలబడ్డ కుర్రాణ్ని చూడండి. వాడు పక్ పారేస్తాడా, ఎదుటివాణ్ని దాటబోతాడా అన్నది కనిపెట్టడం మొదలైందంటే, ఆట అర్థమవుతున్నట్టే.