ఫ్యూజు నోరు నొక్కకండి



పాత కారు లైట్ల ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే మన షెడ్లలో చేసే ఇలాజ్ ఒకటుంది. గాజు ఫ్యూజు పీకేసి, దాని చోట నాలుగు రాగి పోగులు మెలిపెట్టి చుట్టేస్తారు. లైటు వెలుగుతుంది. "హో గయా భాయ్, తీస్కెళ్లండి" అంటారు. మనమూ ఖుష్. దీన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు. ఇది ధోకా. ఆ ధోకాలో మిస్త్రీకి ఎంత హిస్సా ఉందో బండి ఓనరుకీ అంతే ఉందన్నది నా మాట.

మా అబ్బాజాన్ కొన్న అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్ ఉత్తర్‌పారాలో తయారు చేసిన బండి అది. 2014లో తయారీ ఆగిపోయింది. ఖాందాన్‌లో ఏ నిఖా జరిగినా దుల్హాని అందులోనే తీసుకెళ్లాలని పెద్దల పట్టు. ఆ మధ్య వెనక లైట్ల ఫ్యూజు పోతుంటే ఒక షెడ్డులో చూపించాం. పది నిమిషాల్లో పనైపోయిందన్నారు. ఆ రాత్రి డిక్కీ తెరిస్తే ప్లాస్టిక్ కమిలిన వాసన. వైరు చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ వైరుకి దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు. ఫ్యూజు చోట చూస్తే అవే రాగి పోగులు.

లెక్క చూడండి. ముందు రెండు పార్కింగ్ బల్బులు, వెనక రెండు, నంబరు ప్లేటు దగ్గర ఒకటి. ఒక్కోటి 5 వాట్లు అనుకుంటే మొత్తం 25. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద అది సుమారు 2 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు ధారాళంగా సరిపోతుంది. అది పోయిందంటే ఎక్కడో వైరు ఒలిచిపోయి బాడీకి తగులుతోందని ఖబర్. స్టార్టరు తిప్పడానికి వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ, అడ్డు లేకపోతే ఆ బలమంతా ఆ సన్నటి వైరులోకి తోసేస్తుంది. మెలిపెట్టిన రాగి పోగులు ఎన్ని ఆంపియర్లకు తెగుతాయో వేసినవాడికే తెలీదు. అవి తెగకపోతే వైరు కాలుతుంది. ఖబర్ తెచ్చినవాడి నోరు నొక్కితే ఖతరా తగ్గదు కదా!

ఇంకో సంగతి. ఆ తరం ఇంగ్లండు బండ్లలో చాలావాటికి కంపెనీ ఇచ్చిన ఫ్యూజులే రెండు. హెడ్‌లైట్లకు చాలాసార్లు అసలు ఫ్యూజే ఉండదు. మా బండిలోనూ వెనక లైట్లకి ఫ్యూజు తర్వాత పెట్టించిందే. అలాంటి బండికి కుర్రాళ్లు షౌక్ కొద్దీ 100 వాట్ల బల్బులు వేస్తారు. రెండు కలిపితే దాదాపు 17 ఆంపియర్లు. ముసలి వైరూ ముసలి స్విచ్చూ దాన్ని మోయలేవు. అంత వెలుగు కావాలంటే రిలే పెట్టాలి, బ్యాటరీ నుంచి కొత్త మందం వైరు లాగాలి, దానికీ ఫ్యూజు వేయాలి.

మరి షార్టు ఎలా దొరకాలి? మా అంబాసిడర్ని చివరికి బాగు చేసింది ఇంకో ముసలి ఉస్తాద్. ఆయన తరీఖా చెబుతాను. ముందు ఆ లైన్లో ఉన్న బల్బులన్నీ పీకేశాడు. ఫ్యూజు తీసి, దాని రెండు కొసల మధ్య ఒక 21 వాట్ల బ్రేకు బల్బు కట్టాడు. స్విచ్చు వేశాడు. లోపల షార్టు ఉంది కాబట్టి బల్బు నిండుగా వెలిగింది. ఎంత షార్టైనా ఆ బల్బు 2 ఆంపియర్లకు మించి పోనివ్వదు కనుక వైరు కాలదు, ఫ్యూజులు దండగ కావు. తర్వాత ఒక్కో జాయింటూ విప్పుతూ వెళ్లాడు. ఏ జాయింటు విప్పితే బల్బు ఆరిందో, ఐబ్ దాని అవతల ఉన్నట్టు. డిక్కీ డోరు కీలు దగ్గర, రేకు కన్నంలో రబ్బరు వాషరు ఊడిపోయి వైరు అంచుకి రాసుకుంటోంది. జానెడు వైరు మార్చి, కొత్త రబ్బరు వేసి, సరైన ఫ్యూజు పెట్టాడు.

ఇంకా ఎక్కడ వెతకాలో కూడా చెప్పాడు: టెయిల్ ల్యాంపు హోల్డర్లో చేరిన తుప్పు, స్టీరింగు కింద నలిగే వైర్లు, పాత బట్ట తొడుగు కింద ఎండి పగిలిన రబ్బరు. ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా మిణుకుతోందంటే చాలావరకు అది షార్టు కాదు, ఎర్తు సరిగా లేకపోవడం. బోల్టు విప్పి, తుప్పు గీకి బిగిస్తే సరిపోతుంది. మనవాళ్లు రెండింటినీ షార్టే అంటారు.

ఆ వెతుకులాటకి ఒక పూట పట్టింది. సామానుకి అయిన ఖర్చు వందలోపే. ఆయన మజ్దూరీ చెప్పగానే మా బంధువు ఒకాయన "జానెడు వైరుకి ఇంతా?" అన్నాడు. నా ఫిర్యాదు ఇక్కడే. సామానుకి డబ్బిస్తాం, ఇల్ముకి ఇవ్వం. పూటంతా వెతికినవాడితో బేరమాడి, పది నిమిషాల్లో రాగి పోగులు చుట్టినవాడికి నవ్వుతూ ఇస్తాం. అప్పుడు ఆ షెడ్డులో నేర్చుకునే షాగిర్దు ఏ పని నేర్చుకుంటాడు? సూరా ముతఫ్ఫిఫీన్ కొలతల్లో తగ్గించే వాళ్ల గురించి హెచ్చరిస్తుందని మనందరికీ తెలుసు. 5 ఆంపియర్ల చోట లెక్కలేని తీగ పెట్టడం కొలతలో మోసమే. పూట మెహనత్‌కి పది నిమిషాల కూలి ఇవ్వడమూ కొలతలో మోసమే.

షెడ్డు పని చేసే పిల్లాడికి రిష్తా అడిగితే మొహం చిట్లించే ఇళ్లు మనలో ఎన్ని! దావూద్ అలైహిస్సలామ్ ఇనుముతో కవచాలు చేశారని ఖుత్బాలో విని సుబహానల్లాహ్ అంటాం. బయటికొచ్చి మిస్త్రీని "అరే" అని పిలుస్తాం. హునర్‌కి ఇజ్జత్ లేనిచోట మంచి హునర్ నిలవదు.

అందుకని నా గుజారిష్. బండి ఇచ్చేటప్పుడే "టైము తీసుకోండి ఉస్తాద్, వెతికిన మజ్దూరీ ఇస్తాను" అని చెప్పండి. తీసుకునేటప్పుడు ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో, ఐబ్ ఎక్కడ దొరికిందో చూపించమని అడగండి. చూపించగలిగినవాడి దగ్గరికే మళ్లీ వెళ్లండి. మీ పిల్లాడు షెడ్డులో పని నేర్చుకుంటుంటే, ఆ 21 వాట్ల బల్బు తరీఖా వాడికి చదివి వినిపించండి.