పరదేశ నాయకుని మృతికి మన ఊళ్ళో సంతాపం: హక్కు ఎంత, హద్దు ఎంత?

2024 సెప్టెంబరు 27వ తేదీ శుక్రవారం నాడు బీరూత్ నగర దక్షిణ శివారుపై ఇజ్రాయిల్ జరిపిన వైమానిక దాడిలో హిజ్బుల్లా నాయకుడు హసన్ నస్రల్లా మరణించారు. మరునాడు ఆ వార్త ధ్రువపడింది. సంజామల వంటి చిన్న మండల కేంద్రానికి కూడా ఆ వార్త చేరడానికి గంట పట్టలేదు. నాకు తెలిసిన ఒక మస్జిద్ సభ్యుల వాట్సాప్ బృందంలో ఒక యువకుడు ఆయన చిత్రం పెట్టి, పేరు కింద ‘షహీద్’ అని వ్రాశాడు. సిరియాలో చిందిన సున్నీల రక్తం మాటేమిటని మరొకడు అడిగాడు. ఇటువంటివి ఇక్కడ వద్దు, రేపు పోలీసులు వస్తే ఎవరు జవాబు చెబుతారని ఒక పెద్దాయన గద్దించారు. సాయంత్రానికి ఆ బృందంలో నలభై, యాభై సందేశాలు వచ్చాయి. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నమాజు చేసే ఇద్దరు యువకులు ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఒకరికొకరు సలాం చెప్పుకోలేదు.

అంతటితో ముగిస్తే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు. చిత్రం పెట్టిన యువకుని తండ్రి ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత మా ఇంటికి వచ్చారు. కుమారుడు ప్రభుత్వోద్యోగ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. ఎవరో ఆ సందేశాన్ని ఫోటో తీసి బయటికి పంపారట. కేసు పెడితే రేపు ఉద్యోగం వచ్చినా పోలీసు విచారణలో ఆగిపోతుందేమోనన్నది ఆయన భయం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా బ్రతుకు గడిపినవాణ్ణి కనుక ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు. ఏ కేసూ రాలేదు, అల్హందులిల్లాహ్. కానీ వెంట వచ్చిన ఆ అబ్బాయి నన్ను ఒక ప్రశ్న అడిగాడు: “చాచా, మే నెలలో ఇరాన్ అధ్యక్షుడు చనిపోతే మన ప్రభుత్వమే జెండా దించింది కదా. నేను ఒక ఫోటో పెడితే తప్పెట్లా అవుతుంది?”

ఆ రాత్రి నేను సంతృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

జెండా దించడం అంటే ఏమిటి?

అబ్బాయి చెప్పినది వాస్తవమే. 2024 మే 19న హెలికాప్టర్ ప్రమాదంలో ఇరాన్ అధ్యక్షుడు ఇబ్రాహీం రయీసీ మరణించగా, భారత ప్రభుత్వం మే 21న ఒక రోజు సంతాప దినం ప్రకటించింది. 2022లో ఐక్య అరబ్ ఎమిరేట్ల అధ్యక్షుడు షేక్ ఖలీఫాకు, జపాన్ మాజీ ప్రధాని షింజో అబేకు, బ్రిటన్ రాణి ఎలిజబెత్‌కు ఇట్లాగే ఒక్కొక్క రోజు సంతాపం పాటించింది. 2015లో సౌదీ రాజు అబ్దుల్లాకూ పాటించింది. 2013 డిసెంబరులో నెల్సన్ మండేలా మరణించినప్పుడు అయిదు రోజులు పాటించింది.

ఆ ఉత్తర్వులు వచ్చిన రోజుల్లో నేను ఉద్యోగంలో ఉన్నాను. జెండాను నేరుగా సగం ఎత్తుకు ఎగరవేయకూడదు. ముందుగా కొయ్య కొస వరకు తీసుకుపోయి, అక్కడ ఒక్క క్షణం నిలిపి, ఆ తరువాత సగానికి దించాలి. సాయంత్రం పూర్తిగా దించే ముందు మళ్ళీ కొస దాకా ఎత్తాలి. జాతీయ పతాక నియమావళి చెప్పే పద్ధతి ఇది. ఆ పని చేసే అటెండరు మండేలాను ప్రేమించాడా, సౌదీ రాజును గౌరవించాడా అని ఎవరూ అడగరు. అది రాజ్యానికీ రాజ్యానికీ మధ్య నడిచే మర్యాద. రయీసీకి జెండా దించినంత మాత్రాన, 1988లో ఇరాన్ జైళ్ళలో జరిగిన సామూహిక మరణశిక్షలలో ఆయన పాత్రపై ఉన్న ఆరోపణలను మన ప్రభుత్వం కొట్టివేసినట్లు కాదు.

కనుక ఆ అబ్బాయికి నేను చెప్పవలసిన మొదటి మాట ఇది: ప్రభుత్వం జెండా దించిందన్నది నీ ఫోటోకు సమర్థన కాజాలదు. ఆ రెండూ వేర్వేరు పనులు. అయితే దీనికి రెండవ వైపు కూడా ఉన్నది. ప్రభుత్వపు సంతాపం ఎట్లా ప్రశంసాపత్రం కాదో, పౌరుని సంతాపం అట్లాగే దేశద్రోహానికి రుజువు కాదు. రాజ్యాంగం 19వ అధికరణం వాక్స్వాతంత్ర్యాన్ని, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును ప్రతి పౌరునికీ ఇచ్చింది. సహేతుకమైన పరిమితులు ఉన్నవి, నిజమే. ఆ పరిమితులు అందరికీ ఒకే తీరుగా వర్తించాలి. లండన్ రాణికి కొవ్వొత్తి వెలిగించినవాణ్ణి ఎవరూ అనుమానించరు. బీరూత్ పేరెత్తినవాణ్ణి మాత్రం నీది ఏ దేశమని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే అన్యాయం ఉన్నది.

పీర్ల చావిడి చెప్పే సాక్ష్యం

దూరదేశంలో మరణించిన నాయకుని కోసం దుఃఖించడం మన సీమకు కొత్త ఆచారం కాదు. మా సంజామలకు సమీపంలోని బనగానపల్లె సంస్థానాన్ని 1948లో విలీనమయ్యే వరకు షియా నవాబులు పాలించారు. ఆ సంస్థానపు హద్దులలోనే కాదు, రాయలసీమ పల్లెపల్లెనా పీర్ల చావిళ్ళు ఉన్నాయి. మొహర్రం వచ్చిందంటే హిందూ కుటుంబాలు పీర్లకు మొక్కులు చెల్లిస్తాయి, చక్కెర చదివింపులు చేయిస్తాయి, గుండం చుట్టూ ఆడతాయి. చాలా ఊళ్ళలో పీరును ఎత్తుకునేవారిలో ముస్లిమేతరులే ఎక్కువ. క్రీస్తు శకం 680లో ఇరాక్ నేలపై, కర్బలాలో, యజీద్ సైన్యం చేతిలో అమరుడైన ఇమామ్ హుసైన్ (రజి) కోసమే కదా ఇదంతా! ఆ రైతు సోదరుణ్ణి ‘నీ భక్తి ఇరాక్ మీదనా, భారతదేశం మీదనా’ అని ఇన్ని తరాలలో ఎవరైనా అడిగారా?

పీర్ల పండుగలోని అనేక ఆచారాలను మన ఉలమా సమ్మతించరన్నది నాకు తెలుసు. నేనూ వాటిని ధర్మమని చెప్పడం లేదు. నేను చెప్పదలచినది సామాజిక సత్యం. అన్యాయానికి బలి అయినవాని కోసం దేశం సరిహద్దులు చూడకుండా దుఃఖించడం ఈ నేల మనుషులకు అలవాటే. ఖిలాఫత్ ఉద్యమం కూడా అదే చెబుతుంది. టర్కీ ఖలీఫాకు జరుగుతున్న అన్యాయానికి నిరసనగా 1919 అక్టోబరు 17న దేశమంతటా ఖిలాఫత్ దినం పాటించారు. గాంధీజీ దానికి అండగా నిలిచారు. ఆ ఖిలాఫత్‌ను 1924 మార్చిలో టర్కీ జాతీయసభే రద్దు చేసుకున్నది. పరదేశ నాయకత్వంపై మితిమీరిన ఆశ పెట్టుకుంటే ఏమవుతుందో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

2006లో ఒకరు, 2024లో మరొకరు

ఇక మన మధ్యనే ఉన్న విభేదం సంగతి. దీనిని దాచుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

2006 డిసెంబరు 30 తెల్లవారుజామున, ఇరాక్ సున్నీలు బక్రీదు జరుపుకునే రోజున, సద్దాం హుసేన్‌ను ఉరితీశారు. ఆ ఉరి అమెరికా ఆక్రమణ నీడలో జరిగింది. మన విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ నిరాశ వ్యక్తం చేశారు. వామపక్షాలు నిరసన తెలిపాయి. మా ప్రాంత మస్జిదులలో ఎందరో కన్నీరు పెట్టడం నేను కళ్ళారా చూశాను. నేనూ బాధపడ్డాను. ఆ రోజుల్లో నాకు పరిచయమున్న ఒక షియా పెద్దమనిషి మాత్రం మౌనంగా ఉండిపోయారు. కారణమడిగితే ఒకే మాట అన్నారు: “మీరు ఉరితాడును చూస్తున్నారు, మేము దుజైల్‌ను చూస్తున్నాము.” దుజైల్ సంగతి నాకు అప్పటి దాకా తెలియదు. 1982లో ఆ ఊరిలో సద్దాంపై హత్యాయత్నం జరిగిన తరువాత 148 మంది షియాలను చంపించారు. ఆయనకు ఉరిశిక్ష పడినది ఆ కేసులోనే. 1988 మార్చి 16న హలబ్జాలో విషవాయువుకు సుమారు అయిదు వేల మంది కుర్దులు బలయ్యారు. ఆ కుర్దులలో అత్యధికులు సున్నీలే.

పద్దెనిమిదేళ్ళ తరువాత పాత్రలు తారుమారైనవి. నస్రల్లా కోసం కశ్మీరులో, లక్నోలో వేలాది మంది వీధులలోకి వచ్చారు. మెహబూబా ముఫ్తీ తన ఎన్నికల ప్రచారాన్ని ఒక రోజు నిలిపివేశారు. 2000లో దక్షిణ లెబనాన్ నుండి ఇజ్రాయిల్ సైన్యం వైదొలగడానికి కారకుడని, గాజా కోసం నిలిచినవాడని వారు ఆయనను తలచుకున్నారు. అదే సమయంలో సిరియాలోని ఇద్లిబ్‌లో జనం మిఠాయిలు పంచుకున్నారు. అసద్ ప్రభుత్వానికి అండగా హిజ్బుల్లా సిరియాలో యుద్ధం చేసింది. మదాయా పట్టణ ముట్టడిలో ఆకలితో చనిపోయినవారి బంధువులు ఇంకా బ్రతికే ఉన్నారు.

2006లో ‘చనిపోయినవానిని విమర్శించకండి’ అన్నవారిలో కొందరు 2024లో విమర్శకులయ్యారు. అప్పుడు బాధితుల లెక్క చెప్పినవారిలో కొందరు ఇప్పుడు ఆ లెక్క వద్దన్నారు. ఎవరి వర్గపు నాయకుడు పోతే వారికి కన్నీరు, ఎదుటి వర్గపు నాయకుడు పోతే వారికి చరిత్ర జ్ఞాపకం! ఒకరి మీది ద్వేషం మనలను అన్యాయం వైపు నడిపించరాదని సూరా మాయిదా ఎనిమిదవ వాక్యంలో అల్లాహ్ హెచ్చరించాడు. స్వజనుల విషయంలో సైతం న్యాయానికే సాక్ష్యం పలకమని సూరా నిసా 135వ వాక్యం ఆజ్ఞాపించింది. ఈ రెండు ఆదేశాలనూ మనం శత్రువులకు వినిపిస్తాము. మనకు మనం వినిపించుకోవడం తక్కువ.

ధర్మం ఏమంటుంది?

పరదేశ పాలకుని మృతికి సంతాపం విషయంలో మనకు స్వయంగా దైవప్రవక్త (సఅసం) ఆదర్శం ఉన్నది. మక్కాలో హింస భరించలేక వలస వెళ్ళిన ముస్లిములకు ఆశ్రయమిచ్చిన అబిసీనియా రాజు నజాషీ మరణించినప్పుడు, ఆ వార్తను ప్రవక్త (సఅసం) తన సహచరులకు తెలిపి, వారిని వరుసగా నిలిపి, నాలుగు తక్బీర్లతో జనాజా నమాజు చేయించారు. దీని ఆధారంగా షాఫయీ, హంబలీ విద్వాంసులు దూరాన మరణించినవారికి గాయిబానా జనాజా నమాజు సమ్మతమన్నారు. అది నజాషీకి మాత్రమే ప్రత్యేకమని హనఫీ విద్వాంసులు అన్నారు. మన సీమలో హనఫీలే ఎక్కువ. కనుక ఒక మస్జిదులో గాయిబానా నమాజు చేసి మరొక దానిలో చేయకపోతే, అది ప్రేమలో తేడా కాదు, ఫిఖ్హ్‌లో తేడా. దాని మీద ఒకరినొకరు నిందించుకోవడం అజ్ఞానం.

ఒక యూదుని శవం పోతుంటే ప్రవక్త (సఅసం) లేచి నిలబడ్డారు. అతడు యూదుడు కదా అన్నప్పుడు, అతనిదీ ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారు. తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు ఆయన కంట నీరు కార్చారు. కానీ అదే రోజు సూర్యగ్రహణం పడితే, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు రావని ప్రజలకు స్పష్టం చేశారు. మృతుని కోసం శోకాన్ని, భర్త విషయంలో తప్ప, మూడు దినాలకు మించి సాగదీయవద్దని బోధించారు. అంటే ప్రాణానికి గౌరవం ఉన్నది, కన్నీటికి అనుమతి ఉన్నది, అతిశయోక్తికి మాత్రం చోటు లేదు. ‘షహీద్’ అన్నది అల్లాహ్ వద్ద నిర్ణయమయ్యే పదవి. దానిని మన ఫోన్లలో పంచిపెట్టే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు.

నా అభిప్రాయం, కొన్ని సూచనలు

నా అభిప్రాయం ఇది. వ్యక్తిగా ఎవరైనా ఎవరి కోసమైనా దుఃఖించవచ్చు. దానికి దేశభక్తి పరీక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ‘ముస్లిం సముదాయం’ పేరిట కూడలిలో ఫ్లెక్సీ కట్టాలంటే ఆ నాయకుని చేతిలో నష్టపోయినవారికి కూడా మనం సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. అందుచేత నాయకుని చిత్రం కంటే నిరపరాధుల పేరిట సంతాపం పాటించడమే సముచితం. 2024 ఆగస్టు మధ్య నాటికే గాజాలో మృతుల సంఖ్య 40 వేలు దాటిందని అక్కడి ఆరోగ్యశాఖ ప్రకటించింది. ఆ పసిపిల్లల కోసం దుఆ చేయడానికి షియా అయినా సున్నీ అయినా అభ్యంతరపెట్టరు. న్యాయబుద్ధి గల హిందూ సోదరుడూ మన పక్కన నిలుస్తాడు.

మస్జిద్ కమిటీలకు, యువకులకు అనుభవంతో కొన్ని మాటలు చెప్పదలచాను.

మొదటిది, దుఆ కోసం మస్జిదు ఉన్నది. దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఊరేగింపు, బహిరంగసభ తలపెడితే మాత్రం పోలీసు స్టేషనులో ముందుగా వ్రాతపూర్వకమైన దరఖాస్తు ఇచ్చి రసీదు పొందండి. మన జిల్లాలలో పోలీసు చట్టం 30వ సెక్షన్ తరచూ అమలులో ఉంటుంది. పాత 144 సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయినది. అనుమతి నిరాకరిస్తే నోటిమాటతో తిరిగి రాకండి, కారణాలతో వ్రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. కాగితం మీద లేనిది కార్యాలయంలో జరగనట్లే లెక్క.

రెండవది, సహాయం పేరిట ఫోన్లో వచ్చే తెలియని ఖాతాలకు డబ్బు పంపవద్దు. మంచి మనసుతో పంపిన అయిదు వందల రూపాయలు కూడా తీవ్రమైన చట్టాల చిక్కులోకి లాగగలవు.

మూడవది, ఎవరికైనా పోలీసు నోటీసు వస్తే భయపడి దాక్కోవడం గానీ, ఫోనులోనివి తుడిచివేయడం గానీ చేయకండి. ఒక పెద్దమనిషిని, ఒక న్యాయవాదిని వెంట తీసుకుని హాజరు కండి. అర్హత గలవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

నాలుగవది, మన మధ్య వాదం వస్తే దానిని వాట్సాప్‌లో తేల్చుకోవద్దు. అసర్ తరువాత అరగంట కూర్చుని ముఖాముఖి మాట్లాడుకోండి. మన మాటను ఫోటో తీసి బయటికి పంపినవాడు మనలో ఒకడే అన్న సంగతి ఆ తండ్రిని అన్నిటికంటే ఎక్కువగా బాధించింది.

ఆ ఇద్దరు యువకులు ఇప్పుడు మళ్ళీ సలాం చెప్పుకుంటున్నారు. ఇద్దరినీ కలిపింది మా ఉపన్యాసాలు కావు. ఒకరి ఇంట్లో జబ్బు చేస్తే రెండవవాడు మోటారు సైకిలు మీద రాత్రికి రాత్రి నంద్యాల ఆసుపత్రికి చేర్చాడు. నస్రల్లా విషయంలో వారి అభిప్రాయాలు మారలేదు, మారనవసరమూ లేదు. రేపు మరొక దేశంలో మరొక నాయకుడు మరణిస్తాడు, మళ్ళీ ఈ వాదం వస్తుంది. ఆ వార్త రాకముందే ప్రతి మస్జిద్ కమిటీ ఒక జుమా రోజున కూర్చుని, మన ఊరిలో ఏమి చేద్దాము, ఏమి చేయవద్దు అన్నది యువకుల సమక్షంలోనే నిర్ణయించుకోవాలని నా మనవి.