బంగారు వన్నెగల రాయి

తొలకరి వానలు పడినతోడనే కర్నూలు మండలమున తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతముల యెర్రనేలలలో వజ్రములు వెదకుటకై జనులు గుంపులుగా కదలిపోవుట మన సోదరీమణు లెరిగిన విషయమే. వానకు మన్ను కొట్టుకొనిపోగా పైకి తేలిన మెరుపురాయి యొక్కటి దొరకిన చాలునను ఆశతో, కూలి మానుకొని, సద్దిమూట కట్టుకొని, చెట్లక్రింద రాత్రులు గడుపువా రెందరో కలరు. దొరకినవారి పేరు ఊరెల్ల మారుమ్రోగును. దొరకనివారి లెక్క యెవరును వేయరు.

ఈ నెల కల్లూరునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె పెనిమిటి అట్టి పొలములనుండి యిత్తడివలె మెరయు రాతితునక నొకదానిని తెచ్చెనట. తొలుత నది బంగారమనుకొనిరి. ఒక మధ్యవర్తి చూచి, "ఇది బంగారము కాదు, నికెలు రాయి. బంగారముకంటె నిప్పుడు దీనికే గిరాకి. పరీక్షకును కాగితములకును ముందుగా సొమ్ము కట్టినచో కొనువారిని నేనే తెత్తును" అని చెప్పెనట. ఇంట రొక్కము లేదు. ఆమె చేతిగాజులు తాకట్టు పెట్టుదమని భర్తయు, వలదని అత్తగారును వాదులాడుకొనుచున్నారట. "నే నెవరి మాట వినవలెను?" అని యామె ప్రశ్న.

ఈ ప్రశ్నకు మేము చివర సమాధానము చెప్పుదుము. నికెలు రాయి యననేమో, దాని గుణము లేవో ముందు తెలిసికొందము. అవి తెలిసినచో సమాధానము చాలవరకు దానంతట నదే దొరకును.

నికెలను పేరే యొక మోసమునుండి పుట్టినది. పూర్వము జర్మనీదేశమున సాక్సనీ గనులలో రాగివన్నెగల యొక రాయి దొరకుచుండెడిది. ఎంత కరగించినను దానినుండి రాగి దిగెడిది కాదు. పైగా ఆ రాతిలోని పాషాణము పొగయై పనివారికి జబ్బు కలిగించెడిది. దయ్యమేదో రాగిని మాయచేసినదని తలచి వారు దానికి 'కుప్ఫర్‌నికెల్' అని పేరిడిరి. రాగిదయ్యమని దాని భావము. 1751లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెట్ గనిరాళ్లను శోధించుచు క్రొత్తలోహము నొకదానిని వేరుచేసి, పిదప ఆ దయ్యము పేరునే కుదించి దానికి నికెలని పేరు పెట్టెను.

నాటి దయ్యమే నేడు మన యింట పరిచారిక యైనది. జర్మను వెండి యను దానిలో వెండి లేనేలేదు. రాగి, తుత్తునాగము, నికెలు కలిపి దానిని చేయుదురు. 1907లో మన దేశమున వెలువడిన వంకీలంచుల అణా రాగి నికెళ్ల మిశ్రమమే. మన వంటింటి స్టీలుపాత్రలలో పెక్కింట నికెలున్నది. విద్యుత్తుతో నడచు బండ్ల బ్యాటరీలలో కొన్నిరకములకును అది కావలెను. మధ్యవర్తి మాటలలో నిజమింతమాత్రమే.

ఇక ఆ రాతి సంగతి. నికెలు గంధకముతో కలిసి యేర్పడు ఖనిజములలో మిల్లరైటు ముఖ్యమైనది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఖనిజశాస్త్రాచార్యుడుగా నుండిన విలియం హాలోస్ మిల్లరు (1801–1880) పేరుమీదుగా 1845లో హైడింగరను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు దీనికా పేరిడెను. దీనిలో నూటికి సుమారు 65 పాళ్లు నికెలు, 35 పాళ్లు గంధకము. రంగు లేతయిత్తడి. అయినను ఇది సామాన్యముగా గడ్డలుగా దొరకదు. రాతి తొర్రలలో సూదులవలె, ఒక్కొక్కచోట తలవెండ్రుకలవలె సన్నని పోగులై అల్లుకొని యుండును. అందుచేతనే జర్మను గనిపనివారు దీనిని వెండ్రుకరాయి యనిరి. వేల్సుదేశపు బొగ్గుగనులలోని యినుపరాతి యుండలలోను, అమెరికాలో సెంటులూయీ నగరప్రాంతపు సున్నపురాతి తొర్రలలోను చక్కని మిల్లరైటు దొరకినది.

ఖనిజమును కంటితో గాక గుణములతో గుర్తింపవలెను. మొదటి గుణము కాఠిన్యము. 1812లో మోసను పండితుడు దీనికి పదిమెట్ల కొలత నేర్పరచెను. విశేషమేమనగా, ఆ నిచ్చెన రెండు కొనలును మన సీమలోనే కలవు. మొదటిమెట్టు బేతంచెర్ల వైపు త్రవ్వు బలపపురాయి, పదవమెట్టు వజ్రము. మిల్లరైటుది మూడు, మూడున్నర; కత్తిమొనకు గీతపడును. పైరైటను ఇనుము గంధకముల రాయి ఆరుమెట్లపైది, కత్తికి లొంగదు. బంగారము మూడుకు లోపలిదే. దానిని సుత్తితో మోదిన రేకగునుగాని పగులదు. ఈ మెరుపురాళ్లన్నియు పెళుసై పొడియగును.

రెండవది గీటు. కంసాలి గీటురాయి మన కందరకు తెలిసినదే. పింగాణి గిన్నె అడుగున మెరుగు పూయని గరుకంచుపై రాతిని గీయుడు. బంగారమైన పసుపుగీత వచ్చును. పైరైటు, మిల్లరైటు, ఆయుర్వేదమున స్వర్ణమాక్షికమని వాడబడు రాగిరాయి, ఇవన్నియు ఎంత పచ్చగా మెరసినను గీటు మాత్రము ఆకుపచ్చచాయ గల నలుపే. మూడవది బరువు. సమానమైన నీటికంటె మిల్లరైటు అయిదున్నర రెట్లు, పైరైటు అయిదు రెట్లు బరువుండగా, మేలిమి బంగారము పందొమ్మిది రెట్ల కెక్కువ తూగును.

వీనిని శాస్త్రజ్ఞులు వర్గములుగా నెట్లు విభజింతురు? లోహము గంధకముతో కూడినవన్నియు ఒక పెద్దతరగతి. అందు లోహపు పాలెంత, గంధకపు పాలెంత యను లెక్కనుబట్టి ఉపవర్గములు. బియ్యము, మినుములు రెండే యయినను పాళ్లు మారిన ఇడ్లి వేరు, దోసె వేరగుచున్నవి గదా! అట్లే నికెలు గంధకములు ఒకటికొకటిగా కలిసిన మిల్లరైటు. మూడు పాళ్ల నికెలునకు రెండు పాళ్ల గంధకమైన హీజిల్‌వుడైటు. టాస్మేనియాద్వీపమున దొరకిన మిక్కిలి యరుదైన ఖనిజమిది. మూడింటికి నాలుగైన పాలిడిమైటు. ఒకటికి రెండైన వేసైటు. ఈ వేసైటు పైరైటు కుటుంబములోనిది. రెంటి యణువుల కూర్పొక్కటే. ఒకదానిలో ఇనుమున్న చోట రెండవదానిలో నికెలుండును. అంతమాత్రమున రెండును ఒకటి కావు. ఇక ఇనుముతో కలిసిన పెంట్లండైటనునది గనులకు ప్రధానమైనది. కెనడాలోని సడ్బరీ గనుల సంపద యదియే. మన దేశమున ఒడిశాలోని సుకిందా లోయలో నికెలున్నదిగాని, అది గంధకముతో కూడిన మెరుపురాయి కాదు, మట్టివన్నెగలది.

పాళ్లు మారకయే రూపము మారుటయు కలదు. మిల్లరైటును సుమారు 379 డిగ్రీలకు మించి కాచిన లోపలి కూర్పు మారి యిముడును. మెల్లగా చల్లారిన మరల మొదటి రూపునకు వచ్చును. ఈ గుణము మన యింటికి సంబంధించినదే. బల్లలకు, తలుపులకు, పొయ్యిలపై పలకలకు వాడు గట్టిపరచిన గాజును 600 డిగ్రీలపైని కాచి యొక్కసారిగా చల్లార్తురు. గాజులో కంటికానని నికెలుగంధక రేణువొకటి చిక్కుకొనియున్నచో, దానికి రూపము మార్చుకొను వ్యవధి యుండదు. అది నెలలకో యేండ్లకో మెల్లగా మారుచు, నూటికి రెండునుండి నాలుగు పాళ్లు ఉబ్బును. అప్పుడు ఎవరును తాకకయే పలక ఫెళ్లున పగిలి రవ్వలగును. గాజు పగులుటకు దెబ్బలు, వేడిమి మున్నగు కారణములు వేరును కలవు. అయినను అకస్మాత్తుగా పగిలినదని ఆనాడు ఇంట నడుగుపెట్టిన కోడలినో, చుట్టమునో నిందింపవలదు. కర్మాగారమున దొర్లిన దోషమునకు ఇంటి ఆడుది బాధ్యురాలు కాదు.

ఇక కల్లూరు సోదరి ప్రశ్న. అమ్మా, మీ రాయి పిడికెడు గడ్డగా నున్నదని వ్రాసితిరి. వెండ్రుకలవలె నుండు మిల్లరైటు అట్లుండుట అరుదు. కత్తికి లొంగనిచో మీది పైరైటు కావచ్చును, లొంగినచో రాగిరాయి కావచ్చును. ఒకవేళ నికెలు రాయియే యనుకొన్నను, నికెలు కిలో వెల వేలలో నుండగా బంగారము ఒక్క గ్రాము వెలయే వేలలో నున్నది. పిడికెడు రాతిని లోహమునకై యెవరు కొందురు? కర్మాగారములు వేలకొలది టన్నులు కొనునుగాని తునకలు కొనవు. కాబట్టి గిరాకి మాట వట్టిది.

మీరు చేయవలసినది యిది. కత్తిమొనతో, గిన్నె అడుగుతో పరీక్షించి చూడుడు. పొడిచేసి పొయ్యిలో మాత్రము కాల్పవలదు; గంధకపు పొగ ఊపిరి కపాయకరము. కొందరాళ్లలో పాషాణము సైత ముండును. అప్పటికిని సందేహము తీరనిచో జిల్లా గనులశాఖ కార్యాలయమునకో, భూగర్భశాస్త్రము బోధించు కళాశాలకో తీసికొనిపోయి చూపుడు. సొమ్ము ముందు, పరీక్ష వెనుక యనువానిని గడపలోనికి రానీయకుడు.

మీ అత్తగారి మాటయే సరియైనది. గాజులు మీ చేతికే యుండనిండు. గీటు ఏ రంగున వచ్చినదో మాకు తప్పక వ్రాయుడు.