ఆకులే అందం... నీడే ప్రాణం

రిసార్టుల్లో కనిపించే పచ్చటి గుబురు తోట మన పెరట్లోనూ ఉంటే ఎంత బాగుంటుందో! ఆ ముచ్చటతోనే కడియం నర్సరీలకెళ్లి కనిపించిన మొక్కల్లా కొనేస్తుంటారు. గోదావరి తేమలో నిగనిగలాడిన ఆకులు హైదరాబాద్‌లో మే నెల ఎండకి అంచులు మాడిపోతాయి. తప్పు మొక్కది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

అందుకే ముందు నీడ సంగతి చూడాలి. పడమటెండ పడే వైపు అరటి పిలక నాటితే ఏడాది తిరిగేసరికి గొడుగు పట్టేస్తుంది. గెల అదనపు లాభం. ఈదురుగాలి కొట్టేచోట మాత్రం ఆకులు పీలికలవుతాయి. అక్కడికి దేవగన్నేరు నయం. నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, నిల్వ ఉంటేనే వేరు కుళ్లుతుంది. విసనకర్రలా విచ్చుకునే ట్రావెలర్స్ పామ్ చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ, చిన్న పెరట్లో పెడితే ఏనుగుని కట్టేసుకున్నట్టే.

ఆ నీడ కుదిరాక దాని కింద హెలికోనియా, ఎర్ర అల్లం పూలమొక్క, చామ. వీటికి నేల ఎప్పుడూ తడిగా ఉండాలి. బియ్యం కడిగిన నీళ్లు భేషుగ్గా పోయొచ్చు, గిన్నెల సబ్బునీళ్లు వద్దు. నీడే లేని చోట మెట్టతామర వేయండి. మండుటెండలోనూ పూస్తుంది. క్రోటన్లకి కాస్త ఎండ తగలాలి. చీకటి మూలన పెడితే రంగులు పోయి ఆకుపచ్చగా మిగులుతాయి. కుండీలో అరచేయంత ఆకు వేసే మనీప్లాంటుని కొబ్బరి చెట్టుకి పాకించి చూడండి, పైకి వెళ్లేకొద్దీ ఆకు చేటంత అవుతుంది!

పాకే పిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. తెల్లమచ్చల డిఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు మండి నాలుక వాచిపోతుంది. పచ్చి చామాకు దురద పెట్టడానికీ కారణం అదే, ఆకుల్లోని కాల్షియం ఆక్సలేట్ సూదులు. మనీప్లాంటులోనూ అవి ఉంటాయి. కాబట్టి చామ, మనీప్లాంటు పిల్లల చేతికందని చోటే ఉండాలి. ఇక మామూలు గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషమే. పూజకి పూలు కావాలంటే నందివర్ధనం, మందారం లేవూ?

నాటడానికి తొలకరి పడ్డాకే మంచిది. వేసవిలో కొన్నవైతే సంచుల్లోనే ఉంచి, చెట్టు నీడన పెట్టి, పొద్దున్నే నీళ్లు పోస్తూ ఉండండి. రాలిన అరటాకులు ఊడ్చి పారేయకుండా మొదళ్ల చుట్టూ పరిస్తే తడి ఆరదు.